క్యాన్సర్ వైద్యం ముగిశాక వికలాంగులు ఆరోగ్యం నిలబెట్టుకోవడం ఎలా? చిత్తూరు, తిరుపతి వాళ్ళ కోసం అడుగడుగునా ఒక మార్గదర్శి

రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. కుడికాలు సగమే పని చేస్తుంది. బడికీ, బ్యాంకుకూ, పెళ్ళిళ్ళకూ ఇన్నేళ్ళూ నన్ను మోసింది రెండు చేతులూ, రెండు చంకకర్రలూ. నలభై తొమ్మిదో ఏట కుడి రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్‌లో రొమ్ముతోపాటు కుడి చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశారు. తర్వాత కీమో, ఆ తర్వాత మా ఊళ్ళో 'కరెంటు పెట్టడం' అంటారే, ఆ రేడియేషన్. అన్నీ అయ్యాక ఇచ్చిన కాగితంలో "కుడి చేత్తో బరువులు ఎత్తరాదు" అని ఉంది. నాకు నా ఒళ్ళే పెద్ద బరువు. ఆ చెయ్యి వాడకుండా మంచం దిగి బాత్రూముకు పోవడం ఎట్లాగో మాత్రం ఆ కాగితంలో లేదు.

రాసినవాళ్ళను తప్పు పట్టను. అందరికీ ఇచ్చే కాగితమే నాకూ ఇచ్చారు. అది రెండు కాళ్ళ మీద నడిచేవాళ్ళ కోసం రాసింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో పోలియో పోయిందని ప్రకటించారు. అంతకుముందు పోలియో బారిన పడిన మా తరం ఇప్పుడు క్యాన్సర్ ఎక్కువగా కనిపించే వయసులోకి వస్తోంది. మాతోపాటు వెన్నెముక దెబ్బతిని వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు, చూపు లేనివాళ్ళు, వినికిడి లేనివాళ్ళు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలను పెద్దవాళ్ళయ్యాక కూడా చూసుకుంటున్న తల్లిదండ్రులు, వీళ్ళందరి కోసం ఇది రాస్తున్నాను. ప్రభుత్వ కాగితాల్లో మమ్మల్ని విభిన్న ప్రతిభావంతులు అంటున్నారు. ఆసుపత్రి క్యూలో ఆ ప్రతిభ ఎందుకూ పనికిరాలేదు కాబట్టి నేను వికలాంగులనే రాస్తాను.

ఇక్కడ చెప్పేవన్నీ మీ డాక్టరును అడగడానికి, ఇంట్లో అమర్చుకోవడానికి. మందులు మార్చడానికి కాదు.

1. ముందు రెండు పేజీలు రాయించుకోండి

ఫైలు ఎంత లావుగా ఉన్నా, కొత్త డాక్టరు అందులో చూసేది రెండు నిమిషాలే. అందుకే రెండే పేజీలు.

మొదటి పేజీ వైద్యం గురించి. ఏ క్యాన్సర్, ఏ దశ, ఆపరేషన్ తేదీ, ఏమేం తీశారు, కీమోలో వాడిన మందుల పేర్లు, మొత్తం డోసు, రేడియేషన్ ఒంట్లో ఎక్కడ పెట్టారు, ఎన్ని రోజులు, ఇప్పుడు మింగుతున్న మాత్ర ఏది, ఎన్నేళ్ళు వాడాలి. చివరి చెకప్‌లో డాక్టరు దగ్గర కూర్చుని ఇది రాయించుకోండి, సిగ్గుపడొద్దు. మందు పేరు ఎందుకంటే ఒక్కోదానికి ఒక్కో ఆలస్యపు దెబ్బ ఉంటుంది. డాక్సోరూబిసిన్ గుండె మీద, సిస్‌ప్లాటిన్ చెవుల మీదా కిడ్నీల మీదా, పాక్లిటాక్సెల్ వేళ్ళ నరాల మీద పని చేస్తాయి. మెడకు రేడియేషన్ పెడితే థైరాయిడ్ పని తగ్గవచ్చు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆయాసం వచ్చి ఇంకో ఊళ్ళో చూపించుకుంటే ఈ పేజీయే గుర్తు చేస్తుంది.

రెండో పేజీ మీ వైకల్యం గురించి. దీన్ని ఏ డాక్టరూ రాయడు, మీరే రాయాలి. "రెండు చంకకర్రలతో నడుస్తాను, ఐదు నిమిషాలకు మించి నిలబడలేను, ఎత్తు బల్ల ఎక్కాలంటే ఎడమ పక్కన ఒక మనిషి కావాలి, కుడి చేతికి సూది వద్దు." నాది ఇంతే. వినికిడి లేనివాళ్ళు "మాస్కు ఉంటే మీ పెదాలు కనబడవు, దయచేసి రాసి చూపించండి" అని రాసుకోవచ్చు. రెండు పేజీలనూ ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరికి వాట్సాప్‌లో పంపి ఉంచండి.

2. మీ బతుకు దేని మీద నడుస్తోందో గుర్తు పట్టండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను. కాలు లేనివాడికి చెయ్యే కాలు. చూపు లేనివాళ్ళకు చెవీ, వేలికొసా కళ్ళు. వినబడనివాళ్ళకు కళ్ళూ చేతులే చెవీ నోరూ. క్యాన్సర్ వైద్యం వల్ల వచ్చే ఇబ్బంది సరిగ్గా ఆ అవయవం మీద పడితే, డాక్టరు 'చిన్న సైడ్ ఎఫెక్ట్' అన్నది మనకు రెండో వైకల్యం అవుతుంది. కాబట్టి "నేను దేని మీద బతుకుతున్నాను? నాకు చేసిన వైద్యం దాన్ని ఏమైనా చేసిందా?" అని అడగండి. వైద్యం మొదలుకాకముందే అడగగలిగితే మరీ మంచిది. ఒక్కోసారి మందు మార్చే వీలుంటుంది.

చూపు లేని ఒకాయనకు నోటి క్యాన్సర్ వచ్చి సిస్‌ప్లాటిన్ ఇచ్చారనుకుందాం. ఆ మందు ముందుగా సన్నటి, కీచు శబ్దాలు వినబడకుండా చేయవచ్చు. మాటలు బాగానే వినబడతాయి కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ ఆయన రోడ్డు దాటేది ఆ సన్నటి శబ్దాల ఆధారంతోనే. సైకిల్ గంట, చెప్పుల చప్పుడు, కర్ర కొసకు తగిలిన రేకు మోత. ఇలాంటివాళ్ళకు మందుకు ముందు ఒకసారి, మధ్యలో, అయ్యాక వినికిడి పరీక్ష చేయించాలి. పాక్లిటాక్సెల్ లాంటి మందులు వేలికొసలు మొద్దుబారేలా చేస్తే బ్రెయిలీ చదివేవాళ్ళకు చదువు పోతుంది. తిమ్మిర్లు మొదలైన రోజే చెప్పాలి, "తట్టుకోగలను" అని మింగేయకూడదు. ఆక్సాలిప్లాటిన్ అనే ఇంకో కీమో మందు తీసుకున్నవాళ్ళలో మందు ఆపాక కూడా కొన్ని నెలలు ఈ తిమ్మిర్లు పెరిగి, ఆ తర్వాత నెమ్మదిస్తాయి. ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది.

వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళ సంగతి వేరు. నడుము కింద స్పర్శ లేకపోతే నొప్పి అనే కాపలాదారు లేనట్టే. పైగా మూత్రానికి ఏళ్ళ తరబడి పైపు ఉన్నవాళ్ళలో మూత్రాశయ క్యాన్సర్ ముప్పు మామూలుకన్నా ఎక్కువ. మూత్రంలో రక్తం కనబడితే "మళ్ళీ ఇన్‌ఫెక్షనే" అని యాంటీబయాటిక్‌తో సరిపెట్టకుండా పరీక్ష అడగండి.

బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ విషయంలో ఆ ఆసరా మీరే, అంటే రోజూ చూసుకునే మనిషి. నొప్పి అని నోటితో చెప్పరు. అన్నం పళ్ళెం తోసేస్తారు, ఒకే చెంప పట్టుకు కూర్చుంటారు, రాత్రి లేచి తిరుగుతారు, ఉన్నట్టుండి కొడతారు. ఒక నోటుబుక్కులో తిండి, నిద్ర, విరేచనం, కోపం రోజుకో వరస రాయండి. రెండు వారాల రాత ముందు పెడితే డాక్టరుకు పది ప్రశ్నల పని తప్పుతుంది. స్కాన్ గదికి పరీక్ష రోజుకన్నా ముందే ఒకసారి ఊరికే తీసుకెళ్ళి చూపించి రండి. వాళ్ళకు నచ్చిన దుప్పటో, బొమ్మో వెంట ఉంచండి.

3. చెకప్‌లు తప్పకుండా జరిగేలా చూసుకోండి

రొమ్ము క్యాన్సర్‌కు మొదటి మూడేళ్ళు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాత రెండేళ్ళు 6 నుంచి 12 నెలలకోసారి, ఆపై ఏడాదికోసారి డాక్టరు చూడాలి. మిగిలిన రొమ్ముకు ఏటా మామోగ్రామ్. తొలి దశ రొమ్ము క్యాన్సర్‌కు ఏ ఇబ్బందీ లేకుండా ఏటేటా పెట్ స్కాన్ తీయించుకోవడం అవసరం లేదు. ఆ డబ్బుతో బాత్రూములో కమ్మీలు వేయించుకోండి, నిజంగా చెబుతున్నాను. వేరే క్యాన్సర్లకు లెక్క వేరు, మీ మొదటి పేజీ వెనకాల రాయించుకోండి.

లెక్క తెలిసినా మనకు అడ్డుపడేది బల్ల ఎత్తు, మెట్లు, క్యూ. ఒక ఆసుపత్రిలో మామోగ్రామ్‌కు వెళితే, నిలబడితేనే తీస్తామన్నారు. నిలబడి రెండు చేతులూ వదలమంటే నేను నేల మీద ఉంటాను. తిరిగొచ్చేశాను, ఆ ఏడాది పరీక్షే జరగలేదు. తర్వాత తెలిసింది, చాలా యంత్రాలు కిందికి దిగుతాయి, కుర్చీలో కూర్చోబెట్టి తీయవచ్చు, కాకపోతే ఇంకో మనిషి, ఇంకొంత సమయం కావాలి. అందుకే తేదీ తీసుకునేటప్పుడే చెప్పాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో మనకు అడ్డంకులు లేని ప్రవేశం, వైద్యంలో ప్రాధాన్యం ఉండాలి. దీన్ని గొడవకు వాడకండి. కౌంటర్ దగ్గర మెల్లగా "25వ సెక్షన్ ఉంది కదా సార్" అంటే చాలాసార్లు కుర్చీ దానంతటదే వస్తుంది.

ఎమ్మారై గదిలోకి క్యాలిపర్ (కాలికి కట్టే ఇనుప ఆసరా), ఇనుప చంకకర్రలు రానివ్వరు. లోపల నడవడానికి మనిషి కావాలని ముందే చెప్పండి. చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, వెన్నులో రాడ్ ఉంటే తప్పక చెప్పండి. వినబడనివాళ్ళు "ఊపిరి బిగపట్టండి" అన్న మాట స్పీకరులో వినలేరు. టెక్నీషియన్‌తో ముందే ఒక సైగ మాట్లాడుకోవాలి, లైటు వెలిగితే బిగపట్టడం, ఆరితే వదలడం లాగా. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌కు వెళితే పోలియో కాలు ఏదో చెప్పండి. సన్నబడ్డ కాలి తుంటిని ఒక్కదాన్నే కొలిస్తే లెక్క తప్పుదారి పడుతుంది, రెండో తుంటి, ముంజేయి కూడా చూడమనండి. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే లెట్రజోల్, అనాస్ట్రజోల్ అనే హార్మోన్ మాత్రలు ఎముకలను పలచబరుస్తాయి కాబట్టి మనలాంటి పడిపోయే మనుషులకు ఈ స్కాన్ వాయిదా వేసేది కాదు.

ఎక్కడికి వెళ్ళాలి? తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో క్యాన్సర్ విభాగాలున్నాయి. టాటా ట్రస్టుల చేయూతతో అలిపిరి వైపు కట్టిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022 మేలో మొదలైంది. క్యాలిపర్లు, కృత్రిమ అవయవాలు, చంకకర్రల సంగతికి టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఉంది. చిత్తూరు వాళ్ళు వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోతారు, కాట్పాడి స్టేషన్ దగ్గరే కదా. ఎక్కడైనా ఒక్క చోటే నిలకడగా చూపించుకోండి. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజున, వైకుంఠ ఏకాదశి వారంలో తిరుపతి చెకప్ పెట్టుకోకండి. వీల్‌చైర్ ఉన్న ఆటో ఆ జనంలో కదలదు. నేను ఒకసారి ఆ తప్పు చేసి మధ్యాహ్నం మూడింటికి ఓపీ మూసేశాక చేరాను.

ఇంకో మాట, చాలా ప్రమాదం తెచ్చేది. మనకు కొత్తగా ఏ ఇబ్బంది వచ్చినా పాత వైకల్యం ఖాతాలో వేసేస్తారు, డాక్టర్లూ, ఇంట్లోవాళ్ళూ, చివరికి మనమూ. "పోలియో కాలే కదా, వయసు పెరిగేకొద్దీ బలం తగ్గుతుందిలే" అంటారు. కానీ క్యాన్సర్ వచ్చినవారికి కొత్తగా నడుంనొప్పి, కాళ్ళలో బలం ఇంకా తగ్గడం, మూత్రం పట్టు తప్పడం మొదలైతే వెన్నుపాము మీద ఒత్తిడి పడుతూ ఉండొచ్చు. గంటల్లో ఆసుపత్రిలో ఉండాలి. కాళ్ళు పూర్తిగా పోయాక చేసే వైద్యంతో తిరిగి రావడం కష్టం. "ఇది నా పాత వైకల్యం కాదు, ఫలానా తేదీ నుంచి కొత్తగా ఉంది" అని తేదీతో చెప్పడం అలవాటు చేసుకోండి. అలాగే ఇంకా కీమో నడుస్తున్నవాళ్ళకు, ఆపి కొన్ని వారాలే అయినవాళ్ళకు జ్వరం 100.4 డిగ్రీలు దాటితే క్రోసిన్ వేసుకుని తెల్లవారేదాకా చూడొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

4. చంకకర్ర పట్టే చేతిని కాపాడుకోండి

చంకలో గ్రంథులు తీస్తే, అక్కడ రేడియేషన్ పెడితే, చేతిలోని నీరు పైకి పోయే దారి ఇరుకవుతుంది. ఆ చెయ్యి వాచే జబ్బును లింఫెడిమా అంటారు. వెంటనే రావచ్చు, ఏళ్ళ తర్వాతా రావచ్చు. చంకకర్ర పై దిండు సరిగ్గా అక్కడే ఒత్తుతుంది.

మొదటి పని, ఒంటి బరువు చంక మీద వేయడం మానండి. చంకకర్ర దిండుకూ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి, బరువు అరచేతి మీద పడాలి. ఇది మామూలు వాళ్ళకూ వర్తించే సూత్రమే, మనమే అలసటలో చంకమీద వాలిపోతాం. వీలైతే మోచేతి కర్రలకు మారండి. నేను మారడానికి రెండు నెలలు పట్టింది, గుమ్మం దగ్గర రెండుసార్లు పడబోయాను కూడా. ఫిజియోథెరపిస్టు పక్కన ఉండగా నేర్చుకుంటే ఆ గండం తప్పుతుంది. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి వాడేవాళ్ళు దూరాలు తగ్గించి, కుదిరితే పక్క చక్రాలు బిగించిన స్కూటీకి మారండి.

రెండోది, ప్రతి ఆదివారం చేతిని కొలవండి. దర్జీ టేపు చాలు. మణికట్టు దగ్గర, దానికి పది సెంటీమీటర్ల పైన, మోచేతి దగ్గర, దానికి పది సెంటీమీటర్ల పైన. రెండు చేతులవీ రాయండి. కర్ర పట్టే చేతులు రెండూ ముందు నుంచే సమానంగా ఉండవు కాబట్టి ఎడమకూ కుడికీ ఉన్న తేడా కన్నా, మీ పాత కొలతతో వచ్చిన తేడా చూడండి. రెండు సెంటీమీటర్లు దాటితే, ఉంగరమో గాజో బిగిస్తే ఫిజియోను కలవండి. తొలిదశలో ప్రత్యేక మర్దన, కట్టు, చేతికి తొడిగే బిగుతు స్లీవ్, వ్యాయామంతో బాగా అదుపులో ఉంటుంది. మర్దన అంటే మన పక్కింటి అవ్వ ఆముదం పెట్టి గట్టిగా రుద్దేది కాదు. ఇది వెన్న రాసినంత తేలికగా చేసే పద్ధతి, నేర్చినవాళ్ళే చేయాలి.

చెయ్యి ఎర్రబడి, వేడిగా, జ్వరంతో ఉంటే ఆరోజే డాక్టరు దగ్గరకు. గోరింటాకు పెట్టుకోవచ్చు, కానీ గోళ్ళ పక్క చర్మం కత్తిరించకండి. పొయ్యి దగ్గర గుడ్డ వాడండి, తోటలో గ్లౌజు. బీపీ, సూది రెండో చేతికి చేయమనండి.

5. కదలండి, కానీ కూడబెట్టిన బలం ఖర్చు చేసే తీరులో

ఆరోగ్యవంతులకు చెప్పే వారానికి 150 నిమిషాల లెక్క వికలాంగులకూ వర్తిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళకు వారానికి మూడుసార్లు అరగంట, రెండుసార్లు బలం పెంచే వ్యాయామం చేసినా అలసట, దిగులు తగ్గుతాయి. ఆ అలసట నిద్రపోతే పోయే రకం కాదని అనుభవించినవాళ్ళకు తెలుసు. పడుకునేకొద్దీ పెరుగుతుంది.

నేను ఏడు నిమిషాలతో మొదలుపెట్టాను. కదలని కుర్చీ, గోడకు ఆనించి. చేతులు ముందుకు, పక్కలకు, పైకి. ఫొటో ఫ్రేము తగిలించినట్టు వేళ్ళతో గోడ మీద పైకి పాకించడం. అర లీటరు నీళ్ళ సీసా పట్టి మోచేయి మడవడం, పదిసార్లు. చివర్లో కూర్చునే కవాతు చేసినట్టు తొడలు ఎత్తడం, ఎంత లేస్తే అంత. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంతే వేగం. వారానికి రెండు నిమిషాలు పెంచాను. మెల్లగా పెంచుకుంటూ పోతే బరువులెత్తే వ్యాయామం వల్ల లింఫెడిమా పెరగదని పరిశోధనల్లో తేలింది. "బరువెత్తరాదు" అన్న పాత మాట పట్టుకుని చెయ్యిని మూల పెడితే అది బలహీనపడి, ఒకరోజు పడబోతూ కర్ర గట్టిగా పట్టినప్పుడే అసలు దెబ్బ తగులుతుంది.

పోలియో వాళ్ళకు ఒక హెచ్చరిక. మన కండరాల్లో మిగిలిన నరాలు ఏళ్ళుగా రెండింతల పని చేస్తున్నాయి. "కష్టపడితే బలం వస్తుంది" అనే పద్ధతి ఇక్కడ ఎదురు తిరగొచ్చు. మర్నాడు ఉదయం కూడా అలసట, కండరం నొప్పి ఉంటే ముందురోజు చేసింది ఎక్కువైందన్న మాట, సగానికి తగ్గించండి. వెన్నెముక పైభాగంలో దెబ్బ తగిలినవాళ్ళకు ఉన్నట్టుండి తలపోటు, ముఖానికి చెమట, బీపీ పెరగడం వస్తే వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రపు పైపు మడతపడిందేమో చూసి, అయినా తగ్గకపోతే 108 పిలవండి.

మన ఎండల్లో తొమ్మిది దాటాక బయట వ్యాయామం వద్దు. ఇంటి పని కూడా లెక్కలో వేసుకోండి. కూరగాయలు కూర్చుని తరగండి, బియ్యం డబ్బా నడుం ఎత్తులో పెట్టండి, స్నానం, వంట, బయటి పని మూడూ ఒకే పూట పెట్టుకోకండి.

6. చర్మం, పాదాలు, పడిపోవడం

వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు ప్రతి పావుగంట, అరగంటకోసారి పిరుదుల మీద బరువు తీయాలి. చేతులతో లేవడం కష్టమైతే ముందుకు వంగండి, పక్కకు ఒరగండి. మంచంలో రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కీమో తర్వాత బరువు తగ్గినవాళ్ళకు ఎముకలు పొడుచుకొస్తాయి కాబట్టి పాత దిండు సరిపోదు. రోజూ రాత్రి అద్దంతో చూడండి, ఎర్రమచ్చ నొక్కితే తెల్లబడకపోతే అది పుండుకు మొదలు.

పాదాలు మొద్దుబారినవాళ్ళు మన ప్రాంతంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సింది గుడి ప్రాకారాల్లో. ఏప్రిల్, మే మధ్యాహ్నం బండ మీద ప్రదక్షిణ చేస్తే పాదం కాలినట్టు తెలియదు, ఇంటికొచ్చాక బొబ్బలు కనబడతాయి. తెల్లవారుజామునో, పొద్దుగూకాకో వెళ్ళండి. స్నానం నీళ్ళు మోచేత్తో చూసుకోండి. చూపు లేనివారు పాదాలను ఇంట్లో ఎవరితోనైనా రోజూ చూపించుకోవాలి.

బాత్రూము తడిగా ఉంచొద్దు, కమ్మీ వేయించండి, ప్లాస్టిక్ కుర్చీ పెట్టండి. చంకకర్ర రబ్బరు అరిగిందేమో నెలకోసారి చూడండి. ఇరవై రూపాయల రబ్బరు మార్చక తుంటి విరిగినవాళ్ళు నాకు తెలుసు.

7. తిండి

పెద్దగా రాయను, ఎందుకంటే ఊరంతా దీని మీదే సలహాలిస్తారు. కిలో బరువుకు ఒక గ్రాము కన్నా కొంచెం ఎక్కువ మాంసకృత్తులు చూసుకోండి. అరవై కిలోలుంటే అరవై, డెబ్బై గ్రాములు. గుడ్డులో ఆరు, గ్లాసు పాలలో ఆరేడు, గుప్పెడు చెనక్కాయల్లో ఏడు. బూజు పట్టిన, చేదెక్కిన చెనక్కాయలు మాత్రం పారేయండి, వాటిలోని విషం కాలేయ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మన సంకటి ఎముకలకు మంచిదే. నోటికి రేడియేషన్ అయి ఉమ్మి ఊరనివాళ్ళకు రాగి జావ, పెరుగన్నం పలచగా, కారం లేకుండా. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు ఎంత తినాలో డాక్టరును అడగండి.

బరువు పెరగనివ్వకండి. నడక తగ్గి, హార్మోన్ మాత్రలు వాడుతూ నేను ఆరు కిలోలు పెరిగాను. ఆ ఆరు కిలోలూ మోసింది నా చేతులే. పొగాకు, గుట్కా, ఆకువక్కలో పొగాకు ఏ రూపంలోనూ వద్దు. ఏ చెట్టు మందైనా కీమో మాత్రలతో కలిపి తాగే ముందు డాక్టరుకు చూపించండి.

8. మనసు

చెకప్‌కు వారం ముందు నిద్ర పట్టదు. అది అందరికీ ఉండేదే. మనకు అదనంగా ఉండేది ఇంకొకటి, "ముందే ఒకటుంది, ఇప్పుడు ఇంకొకటా" అనే చుట్టాల మాట, "పూర్వజన్మ" అనే మాట. మా పెద్దమ్మ నా ముందే అంది. నేను ఏమీ అనలేదు, కాఫీ కలిపి ఇచ్చాను. ఆ రాత్రి మాత్రం ఏడ్చాను.

రెండు వారాలకు మించి దేని మీదా ఇష్టం లేకపోతే, చావాలనిపిస్తే 14416 కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వినబడనివాళ్ళకు ఫోన్ కుదరదు కాబట్టి ఇంటివాళ్ళు ఒక మనిషిని పక్కన పెట్టి మాట్లాడించాలి. జుట్టు రాలినందుకు మాత్రం మన ఊళ్ళో పెద్దగా బాధపడక్కర్లేదు. తిరుపతి బస్టాండులో నా బోడి తలను ఎవరూ తిరిగి చూడలేదు, "దర్శనం బాగా అయిందా?" అని ఒకావిడ అడిగింది కూడా.

9. కాగితాలు

క్యాన్సర్ మాత్రమే ఉంటే 2016 చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో లేదు. కానీ క్యాన్సర్ వల్ల కాలు తీసేస్తే, స్వరపేటిక తీసి మాట పోతే అవి జాబితాలో ఉన్నాయి. కాబట్టి పాత సదరం సర్టిఫికెట్‌లో శాతం 40 కన్నా తక్కువున్నా, ఇప్పుడు చెయ్యీ దెబ్బతింటే మళ్ళీ పరీక్షకు వెళ్ళండి. సచివాలయంలో స్లాటు అడగండి. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా వికలాంగుల పింఛను నెలకు 6,000, పూర్తిగా మంచం పట్టినవాళ్ళకు 15,000 రూపాయలు. క్యాన్సర్ వైద్యం ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుంది, కార్డు వివరాలు మొదటి పేజీ మీదే రాసుకోండి. వైద్యానికి రైల్లో పోతుంటే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో పూర్తి రాయితీ, వెంట వచ్చే మనిషికి 75 శాతం ఉంటుంది. ఆసుపత్రి ఇచ్చే ఫారం ముందే తీసుకోండి.

10. మొక్కు తీర్చుకోవాలంటే

ఇది రాయకపోతే తిరుపతి వాళ్ళకు రాసినట్టే కాదు. తగ్గితే మెట్ల దారిలో కొండెక్కుతానని మొక్కుకున్నవాళ్ళు చాలామంది. అలిపిరి దారి 3,550 మెట్లు. గుండె మీద పని చేసే మందు తీసుకున్నవాళ్ళు ఎకో పరీక్ష లేకుండా, పాదాలు మొద్దుబారినవాళ్ళు ఏ పరిస్థితిలోనూ, ఎక్కొద్దు. మొక్కు మార్చుకోవచ్చు, మా పూజారిగారే చెప్పారు. నేను బస్సులో వెళ్ళి, వికలాంగులకు, వృద్ధులకు టీటీడీ ప్రతి నెలా ఆన్‌లైన్‌లో ఇచ్చే కోటాలో దర్శనం చేసుకున్నాను. తలనీలాలు ఇవ్వాలంటే కీమో ముగిసి రక్తకణాలు, ప్లేట్‌లెట్లు మామూలుకు వచ్చాయని రిపోర్టు చూసుకున్నాకే. కొత్త బ్లేడే వాడుతున్నారా చూసుకోండి. చిన్న గాటైనా ఆ సమయంలో చిన్నది కాదు. ఒక పూటంతా క్యూలో కర్ర మీద ఉంటాం కాబట్టి ఆ రోజు బిగుతు స్లీవ్ వేసుకుని, అరచేతులకు మెత్తటి గ్లౌజు తొడుక్కుని, ఇంటికి రాగానే ఆదివారం కాకపోయినా సరే, టేపు తీసి చెయ్యి కొలుచుకోండి.